సంతకము లేని చిత్రపటము

తాతముత్తాతలనుండి సంక్రమించిన చిత్రపటమునకు కర్త యెవరో తెలియనపుడు, దాని వెలను నిర్ణయింపగోరు గృహస్థు మొట్టమొదట పటమును గోడనుండి దింపి, వెనుకవైపు త్రిప్పి చూడవలెను. చట్రపు కొయ్య, త్రుప్పుపట్టిన మేకులు, పటము కట్టిన దుకాణపు చీటీ, ఇవి యన్నియు కాలమును, స్థలమును సూచించును.

పిదప భూతద్దముతో వర్ణములను పరిశీలింపవలెను. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన రాతి అచ్చు ముద్రణాలయమునుండి వెలువడి, మన యిండ్లలో పూజలందుకొన్న లక్ష్మీసరస్వతుల పటములు వార్నీషు పూతచే దూరమునకు తైలచిత్రములవలెనే మెరయును. కాని దగ్గరగా చూచినపుడు, స్వహస్తలిఖితమైన చిత్రమున కుంచెజాడలును, రాతి అచ్చున సన్నని చుక్కలును గోచరించును. ఈ భేదమే వెలను అమితముగా మార్చును.

తడిగుడ్డతో తుడుచుట, క్రొత్తరంగు పూయుట చిత్రమునకు హాని. శుభ్రపరచు పని నిపుణులది. ఇక విక్రయము మాట: నూరేండ్లు నిండిన చిత్రము మన దేశపు 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి పురావస్తువు. దానిని విదేశములకు విక్రయించి పంపుట నేరము.

కర్తృనామమును ఊహించి చెప్పువారిని నమ్మి తొందరపడకుడు. పటము ఎవరినుండి, ఎప్పుడు, ఏ యూరినుండి వచ్చినదో ఇంటి పెద్దలు జీవించియుండగనే అడిగి, వ్రాసి భద్రపరచుడు.