సొంత ఫ్యాక్టరీకి నాలుగు కొబ్బరికాయలు కొడతారా?



‘ఫ్యాక్టరీ నడిపినోడికి రాజకీయం నడపడం ఓ లెక్కా?’ కర్నూలు టీకొట్ల దగ్గర వినపడే మాటే ఇది. ఊరికే కొట్టిపారేయలేం. టి.జి. వెంకటేష్ గారు ఇక్కడ రసాయనాల ఫ్యాక్టరీ పెట్టారు, పదిమందికి పని దొరికింది. తారీఖుకు జీతాలివ్వడం, బ్యాంకు వాయిదా కట్టడం తెలిసిన మనిషికి సర్కారు ఫైలు చదవడం రాకపోదు. పత్రికలు రాసుకునే మాకు ఆ విద్య లేదు, ఒప్పుకుంటున్నాం.

అయితే మన కె.సి. కెనాల్‌ను చూడండి. 1860లలో దాన్ని తవ్వింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. పెట్టుబడికి వడ్డీ హామీ మాత్రం సర్కారుది! సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తీశారు. వాళ్లకు వ్యాపారం రాదా? వచ్చు. అయినా గిట్టలేదు. 1882లో సర్కారే కొనుక్కుంది. కంపెనీకి గిట్టని ఆ కాలువే ఈనాటికీ మన పొలాలు తడుపుతోంది. మరి నష్టం ఎవరి లెక్కల పుస్తకంలో?

ఇక ఉక్కు. కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమా కాదా చూడమని 2014 విభజన చట్టం చెప్పింది. దానికోసం 2018 జూన్‌లో కాంట్రాక్టు సంస్థ అధిపతి సి.ఎం. రమేష్ గారు కడపలో 11 రోజులు దీక్ష చేశారు. మేమూ ఆశపడ్డాం. సరిగ్గా ఏడాదికి, 2019 జూన్‌లో, ఆయనా వెంకటేష్ గారూ తెలుగుదేశం వదిలి కేంద్రాన్ని ఏలుతున్న బీజేపీలో చేరారు. 2024లో రమేష్ గారు అనకాపల్లి ఎంపీ అయ్యారు. వ్యాపారంలో ఇది తప్పేం కాదు. బేరం లేని వీధిలో కొట్టు మూసి ఇంకో వీధిలో తెరుస్తారు. ఉద్యోగాల కోసం ఉక్కు అడిగిన జమ్మలమడుగు పిల్లలు ఏ వీధికి పోవాల?

ఆ ఉక్కుకు 2007లో రాజశేఖరరెడ్డి, 2018లో చంద్రబాబు, 2019లో, మళ్లీ 2023లో జగన్ శంకుస్థాపన చేశారు. చంద్రబాబుకు హెరిటేజ్ పెట్టిన అనుభవముంది, జగన్‌కు భారతి సిమెంట్ పెట్టిన అనుభవముంది. సొంత ఫ్యాక్టరీకైతే ఎవరైనా నాలుగుసార్లు కొబ్బరికాయ కొడతారా?

కాబట్టి రేపు ఓటుకొచ్చే పారిశ్రామికవేత్తను ఆస్తులెంతని అడగొద్దు. ‘అయ్యా, మా కాలువకు నీళ్లు ఆగినరోజే మీ కంపెనీ బిల్లు కూడా ఢిల్లీలో ఆగిపోతే, ముందు దేనికోసం మంత్రి తలుపు తడతారు?’ అని అడగండి.