మున్నూరు జాతుల దీవి

పనామా కాలువకై చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టగా, 1913 ప్రాంతమున నీరు పైకెగబ్రాకి పల్లములన్నియు మునిగిపోగా, ఒక కొండ శిఖరము మాత్రము బరో కొలరాడో అను దీవియై మిగిలినది. ఆ దీవిపై స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫోస్టర్ అను శాస్త్రజ్ఞులు 1980 దశకారంభమున 50 హెక్టార్ల అడవిని కొలిచి, చిటికెన వ్రేలి లావు మొక్క మొదలుకొని ప్రతి వృక్షమును లెక్కింపగా, రెండు లక్షలకు పైగా కాండములును, సుమారు 300 జాతులును తేలినవి. ఒకే ఎండను, ఒకే వానను పంచుకొనుచు ఇన్ని జాతులెట్లు నిలిచియున్నవి? బలవంతమైన దొక్కటి తక్కినవానిని త్రోసివేయదేల?

1970లో డేనియల్ జాన్‌జెన్, మరుసటి యేట జోసెఫ్ కానెల్, వేర్వేరుగా ఒకే సమాధానము చెప్పిరి. తల్లిచెట్టు క్రింద వంగి చూడుడు: రాలిన గింజలు దట్టముగా మొలచి, లేత ఆకులు విప్పి కళకళలాడుచుండును, కొలది వారములలోనే బూజు సోకి, మన్ను తాకుచోట కాడ నల్లబడి సన్నగిల్లి, ఆ పసిమొక్కలు వరుసగా నేలకొరగును. మిరపనారులో నారుకుళ్ళు నెరిగిన మన రైతునకు ఈ దృశ్యము క్రొత్త గాదు. ఆ జాతినే మరగిన పురుగులును శిలీంధ్రములును తల్లి చుట్టునే కాచుకొనియుండుటచే, గాలికి ఎగిరియో, పక్షి కడుపున పడియో దూరమేగిన గింజకే బ్రదుకు దక్కును. తల్లి చెంతనున్న చోటు అన్యజాతికి లభించును.

దీనికి భిన్నముగా, జాతులన్నియు సమబలములేయని, చావుపుట్టుకల యాదృచ్ఛికతయే వైవిధ్యమునకు మూలమని 2001లో హబ్బెల్ వాదించెను. ధీరమైన ఊహయే, కాని స్వజాతి పొరుగువలన అరుదైన జాతుల మొలకలే అధికముగా నశించుచున్నవని అదే దీవిలో 2010 నాటికి తేలుటచే, నా మనస్సు తొలి సిద్ధాంతమువైపే మొగ్గుచున్నది. సుమారు అయిదేండ్లకొకమారు ఆ చెట్లన్నిటిని మరల కొలుచుచునే యున్నారు.