మెరుగుకు ముందు శుద్ధి

(వృత్తి మార్గదర్శన సభలో పదవ తరగతి విద్యార్థుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

ప్రియ విద్యార్థులారా!

మన హోసూరు యంత్రముల పట్టణము. లారీలు, ద్విచక్ర వాహనములు ఇచ్చటి కర్మాగారములలో తయారగుచున్నవి. వాటి చుట్టును మరమ్మతు షెడ్లు, వాహనములను కడిగి మెరుగు పెట్టు దుకాణములు వెలసినవి. మీలో కొందరు రేపు అట్టి పనులలో కుదురుకొనవచ్చును. "కారు తుడుచుటకు చదువెందులకు?" అని అడుగువారు లేకపోలేదు. వారికి సమాధానముగా ఆ వృత్తిలోని ఒక చిన్న పనిని మాత్రమే తీసికొని వివరింపదలచితిని. మైనము పూయుటకు ముందు కారు రంగును బంకముద్దతో శుభ్రపరచుటయే ఆ పని. ఆ బంకముద్దనే దుకాణములలో క్లే బార్ అందురు.

మొదట కారు రంగు అననేమో తెలిసికొందము. అది ఒకే పూత కాదు. ఇనుప రేకుమీద తుప్పును నిరోధించు పూత, దానిపై ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికి పైన అద్దమువలె పారదర్శకమైన క్లియర్ కోట్ అను పూత ఉండును. మనము మెచ్చుకొను మెరుపంతయు ఈ పైపూతదే. దాని మందము సాధారణముగా 35 మొదలు 50 మైక్రాన్లు మాత్రమే. ఒక మిల్లీమీటరులో వేయవ వంతు మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. అనగా కారు అందమును కాపాడు కవచము వెండ్రుకకంటె పలుచన! అరగిపోయిన పైపూత తిరిగి పెరుగదు. ఈ వృత్తిలోని జాగ్రత్త లన్నింటికి ఇదియే మూలము.

ఇక మురికి విషయము. కారుపై పడు మురికి రెండు విధములు. దుమ్ము, బురద వంటివి నీటితోను షాంపూతోను పోవును. రెండవది రంగును కరచుకొని యుండు మురికి. బ్రేకు వేసినప్పుడు అరగి ఎగిరెడు సన్నని ఇనుప రజను, రైలు పట్టాలనుండియు చక్రములనుండియు లేచు లోహధూళి, కర్మాగారములలో ఇనుము సానపట్టునప్పుడు చిమ్ము రవ్వలు, చెట్ల జిగురు, ప్రక్కన ఎవరో రంగు చిమ్మినప్పుడు గాలిలో వచ్చి పడిన తుంపర ఈ జాతికి చెందినవి. ఇనుప రజను రంగులో నాటుకొని, తేమ తగిలి తుప్పు పట్టును. తెల్లని కారుపై కనబడు నారింజవన్నె చుక్కలు పెక్కు సందర్భములలో ఇవియే. ఎంత కడిగినను ఇవి పోవు.

దీనిని కంటికంటె చేయి బాగుగా కనిపెట్టును. కడిగి ఆరిన కారుపై, పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి దూర్చి వ్రేళ్లతో మెల్లగా నిమిరి చూడుడు. గాజువలె నున్నగా జారినచో మంచిది. ఇసుక కాగితమువలె గరగరలాడినచో మురికి ఇంకను ఉన్నదని అర్థము.

దానిని తొలగించుటకే ఈ బంకముద్ద. పేరు మన్నే గాని ఇది కుమ్మరివాని మన్ను కాదు. సాగెడు గుణముగల కృత్రిమ పదార్థములో మిక్కిలి సన్నని రాపిడి పొడిని కలిపి చేసినది. దీనిని రూపొందించిన జపాను దేశీయునికి 1995లో అమెరికా దేశపు పేటెంటు లభించెను. దీని పని తీరు సులభముగా గ్రహింపదగినది. రంగుపై పొడుచుకొని యుండు రేణువును ముద్ద అంటిపట్టుకొని పెరికివేయును. ముద్దకును రంగునకును మధ్య జారుడు ద్రవపు పొర యుండుటచేత రంగునకు తగులు రాపిడి చాలవరకు తగ్గును. ఆ పొర లేనిచో అదే ముద్ద రంగును గీచును.

ఇప్పుడు పని క్రమము వినుడు. కారు నీడలో నుండవలెను. రేకు చల్లగా నుండవలెను. మొదట శుభ్రముగా కడిగి, తారు మరకలున్నచో వాటిని తారు తొలగించు ద్రవముతో తీసివేయవలెను. ముద్దలో కొంత త్రుంచి అరచేతిలో బిళ్లగా వత్తవలెను. రెండడుగుల చదరము చొప్పున తీసికొని, జారుడు ద్రవమును ధారాళముగా చిమ్మి, ముద్దను తేలికగా, నిలువుగనో అడ్డముగనో తిన్నగా జరుపవలెను. గుండ్రముగా రుద్దరాదు, అదుమరాదు. మొదట గరగర వినబడును. పిదప ముద్ద నిశ్శబ్దముగా జారును. అప్పుడు మైక్రోఫైబరు గుడ్డతో తుడువవలెను. ముద్దకు మురికి పట్టగనే దానిని మడిచి పిసికి క్రొత్త ముఖమును పైకి తేవలెను. కారు అడుగు భాగములలో మురికి యెక్కువ గనుక వాటిని చివరకు ఉంచుకొనవలెను.

ఈ పనికి హద్దులును గలవు. బంకముద్ద గీతలను మాన్పదు. అది పాలిష్ చేయవలసిన పని. మెరుపులేని మ్యాట్ రంగులపై దీనిని వాడరాదు. ముద్ద పాత మైనమును కూడ తీసికొనిపోవును గనుక, పని ముగిసిన పిదప మైనము తప్పక పూయవలెను. అవసరము లేక మాటిమాటికి చేయరాదు. ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు చాలును.

శుద్ధి చేయక మైనము పూసినచో ఏమగును? ఇక్కడనే అసలు సంగతి యున్నది. ఆనాటి సాయంకాలము ఏమియు కాదు! ఆ కారు కూడ మెరయును. యజమాని సంతోషించి డబ్బిచ్చి వెడలిపోవును. కాని మైనము నున్నని పూతపై పట్టినట్లు మురికిపై పట్టదు, త్వరలోనే విడిపోవును. లోపలి ఇనుప రజను తన తుప్పు పని తాను చేయుచునే యుండును. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలన్నది ఇట్టి పనులను గూర్చియే. మన యింటి ఆడువారు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లనిదే ముగ్గు వేయుదురా? చెత్తమీద వేసిన ముగ్గు ముగ్గనిపించుకొనునా?

మరియొక సందర్భము. పనిలో ముద్ద చేయిజారి నేలపై పడినదనుకొనుడు. దానికి ఇసుక అంటును. అటుపిమ్మట దానిని వాడినచో ప్రతి ఇసుకరేణువును ఒక గీతను గీయును. పారవేయవలసినదే, వేరు మార్గము లేదు. కాని ముద్దకు వెల యున్నది. "కడిగి వాడవోయి" అని పైవాడు గద్దించవచ్చును. పనిలో క్రొత్తగా చేరిన కుర్రవాడు అప్పుడేమి చేయవలెను? ఎదిరించి పోట్లాడమని నేను చెప్పను. కారణము చెప్పుమందును. "అయ్యా, పైపూత వెండ్రుకకంటె పలుచన, ఇసుక ముద్దలో కూరుకొనిపోవును, కడిగినను రాదు, కారు పాడైనచో ముద్ద వెలకంటె నష్టమెక్కువ" అని వినయముగా చెప్పగలిగినవాడు ఆ దుకాణములో ఎంతోకాలము కూలివాడుగా మిగులడు, పనివాడగును.

ఆ మాట తమిళములో చెప్పవలసి రావచ్చును, కన్నడములో చెప్పవలసి రావచ్చును. సీసామీది సూచనలు ఇంగ్లీషులో ఉండవచ్చును. అవన్నియు నేర్చుకొనవలసినవే, నేర్చుకొనుడు. కాని "ఎందుకు?" అను ప్రశ్న మొదట మాతృభాషలో పుట్టును. కారణమును తన భాషలో స్పష్టముగా గ్రహించినవాడు దానిని ఏ భాషలోనైనను చెప్పగలడు. గ్రహింపక వల్లించినవానికి పది భాషలు వచ్చినను ప్రయోజనము లేదు. ఈ పాఠశాల మీకు ఈయగలిగిన ఆస్తి ఇదియే.

కావున విద్యార్థులారా! కారు తుడుచుటకును చదువు కావలయును. కొలత తెలియవలెను, కారణము తెలియవలెను, అన్నింటికి మించి ఎవరును చూడని చోట సరిగా చేయు నియమము కావలయును. మీరే వృత్తి చేపట్టినను, మెరుగుకు ముందు శుద్ధి అను క్రమమును తప్పకుడని కోరుచున్నాను.