అతిథి వెళ్ళినా పుస్తకం ఉండాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గ్రంథాలయాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో కొందరు సచివాలయం దారిలోని బ్రిటిష్ లైబ్రరీ కార్డు జేబులో పెట్టుకుని గర్వంగా తిరిగినవాళ్ళే. అలాంటి విదేశీ గ్రంథాలయం మూసేస్తామంటే ఊరు ఏం చేయగలదు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన బడికి పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

1964లో తిరువనంతపురంలో బ్రిటిష్ కౌన్సిల్ గ్రంథాలయం మొదలైంది. నలభై ఏళ్ళు దాటాక దాన్ని మూసేస్తామన్నారు. పాఠకులు, రచయితలు, విద్యార్థులు గట్టిగా వ్యతిరేకించారు. అయినా 2008లో అది మూతపడింది. వాళ్ళ ఆవేదనలో లోటు లేదు. కానీ నిర్ణయం చేసేవాళ్ళు లండన్‌లో ఉన్నారు. చందా కట్టిన పాఠకుడికి పుస్తకం తెచ్చుకునే హక్కు ఉందిగాని, తలుపు తెరిచి ఉంచమని శాసించే హక్కు లేదు.

భోపాల్‌లోనూ బ్రిటిష్ కౌన్సిల్ తప్పుకుంది. అక్కడ మధ్యప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చి గ్రంథాలయాన్ని తన చేతిలోకి తీసుకుంది. స్వామి వివేకానంద పేరుతో అది నడుస్తోంది. యజమాని మారాడు, పాఠకుడి కుర్చీ మిగిలింది.

అంత దూరం ఎందుకు, మన పక్కనే ఉన్న ఉస్మానియా ప్రాంగణం చూడండి. అక్కడ అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది కూడా 1964లోనే. అమెరికా సాహిత్యం, చరిత్ర మీద లక్షకు పైగా పుస్తకాలు పోగయ్యాయి. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి చదువుకున్నారు. తర్వాత అమెరికా సొమ్ము ఆగిపోయింది. పేరు మారింది, వైభవం తగ్గింది. కానీ విశ్వవిద్యాలయం బాధ్యత తీసుకోవడంతో పుస్తకాలు ఊరు దాటలేదు.

ఇందులో నాకు అర్థమైంది ఇది. అతిథిని వెళ్ళొద్దని బతిమాలడం మర్యాదే. అంతకన్నా ముందు, "మీరు వెళ్తే పుస్తకాలు మాకివ్వండి, మేం చూసుకుంటాం" అనగలిగే చేతులు ఊళ్ళో ఉండాలి. ఆ చేతులున్న చోట గ్రంథాలయం బతికింది.

ఆ శక్తి మన పెద్దలకు ఉండేది. నిజాం కాలంలో, తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1905లో మన సికింద్రాబాద్‌లోనే ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం పెట్టుకున్నారు. ఏ విదేశం డబ్బూ రాలేదు.

"ఫోన్‌లో అన్నీ ఉన్నాయి కదా, గ్రంథాలయం ఎందుకు?" అని మన పిల్లలే అడుగుతున్నారు. చిక్కడపల్లి గ్రంథాలయానికి ఒక్కసారి వెళ్ళి చూడండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు టిఫిన్ డబ్బాలతో వచ్చి పొద్దంతా కూర్చుంటారు. ఫోన్ వాళ్ళ దగ్గరా ఉంది. లేనిది ఇంట్లో చదువుకునే చోటు. ఒక్క గదిలో అయిదుగురు ఉండే ఇళ్ళు మన గల్లీల్లో ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే రెండు మనవులు. ఒకటి, మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అది మన డబ్బు. బ్రిటిష్ లైబ్రరీ సభ్యుడికి లేని హక్కు ఇక్కడ మనకుంది. ఆ డబ్బు మన పేటలో ఎక్కడ ఖర్చవుతోందో అడుగుదాం. రెండు, స్వర్ణోత్సవం గుర్తుగా ఫలకం వేయించే ముందు, మన బడి గ్రంథాలయం గదిని సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచే ఏర్పాటు చేద్దాం. ఒక మనిషికి జీతం, నాలుగు బల్లలు, మంచి వెలుతురు చాలు. వారానికొకరం వంతుగా వచ్చి కూర్చుందాం. మొదటి వారం నాది. రెండో వారానికి పేరు ఇచ్చేవాళ్ళు భోజనాలకు లేచేలోగా కార్యదర్శి గారి దగ్గర రాయించండి.