బడి సంచిలో ఉప్పు



సంక్రాంతికి ముందు మా తండాలో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చున్న రోజు నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు కాగితం చూడకుండ మాట్లాడిన. రాలేని వాళ్లు చాలామంది అడిగిన్రు కాబట్టి మీ కోసం గుర్తు చేసుకుంట రాస్తున్న. అక్కడక్కడ మాట అటూ ఇటూ పోతే సర్దుకొని చదువుకోండి.

హైదరాబాద్‌ల డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్ దోస్తులు ఒక ఆదివారం అనంతగిరి కొండలకు ట్రెక్కింగ్ పెట్టిన్రు. వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టే చోటు. ఒక్కొక్కరి వీపు మీద పెద్ద పెద్ద బ్యాగులు, దాంట్ల నీళ్ల సీసాలు, చాక్లెట్లు, పడుకునే సంచులు. రాత్రి మంట చుట్టూ కూసున్నప్పుడు ఒకమ్మాయి అందరినీ వరసగా అడిగింది, నీ మొదటి బ్యాక్‌ప్యాకింగ్ ట్రిప్ ఎప్పుడు, ఎవరితోని పోయినవ్ అని. ఒకరు కొడైకెనాల్ అన్నరు, ఇంకొకరు అరకు అన్నరు. నా వంతు వచ్చింది. ఎనిమిదేండ్లప్పుడు, మా ఇంటోళ్లందరితోని, దామరచర్ల నుంచి కృష్ణ దాటి పల్నాడు దాక, రెండు రోజులు నడిచినం అన్న. "వావ్, మీ పేరెంట్స్ అంత కూల్ ఆ?" అన్నది ఆ పిల్ల. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. అవునన్న.

అది 2008 జనవరి. నేను మూడో తరగతి.

మా దామరచర్ల మండలంల తండాలోళ్లకు సంక్రాంతి పోయిందంటే మిర్చి వచ్చినట్టే. ఇక్కడ చెల్కలు వాన మీద ఆధారం, పత్తి ఏరుడు అయిపోతే ఇంట్ల పని ఉండదు. అటు కృష్ణ అవతల పల్నాడుల మిరపతోటలు ఎర్రగ పండి ఉంటయి. మేస్త్రీ ముందే వచ్చి బయానా ఇస్తడు. ఆ పైసలు దసరాకో, దవాఖానకో అయిపోయి ఉంటయి. బయానా తిన్నోడు పోక తప్పదు. ఆ ఏడు మేస్త్రీ డీసీఎం పంపిండు, తండాల సగం మంది ఎక్కి పోయిన్రు. మేము పోలే. మా దాదికి, అంటే నాయినమ్మకు జరం. ఆమెను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి పోవుడు మా బాపుకు ఇష్టం లేదు. నాలుగు రోజులకు ఆమె లేచి కూసుంది, ఇగ నడువుండ్రి అన్నది. బండి మళ్లా రాదు. బస్సు ఉన్నది కానీ రెండు మేకలున్నయి, బస్సుల మేకలకు చోటుండదు. మేకల్ని అమ్మి పోదామంటే దాది ఒప్పుకోలే. అందుకే నడక.

మూటలు కట్టుడు నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉన్నది. పెద్దరికమంతా దాదిదే. వాకిట్ల సామాను పరిచి ఏది ఎవరి నెత్తి మీదికో చెప్పింది. బాపుకు బియ్యం, జొన్నపిండి ఉన్న గోనెసంచి. యాడికి, అంటే మా అమ్మకు, బొంతలూ చద్దర్లూ చుట్టిన మూట నెత్తిన, తమ్ముడు సంకన. దాదికి గిన్నెలూ సర్వలూ పెట్టిన గంప, కింద గుడ్డతోని చేసిన చుట్టకుదురు. పదకొండేండ్ల మా అన్నకు గొడ్డలి, మేకల పలుపులు. జరం తగ్గి ఇంక వారం కాలే, నువ్వు మోయకు దాదీ అని యాడి అంటే, "నేను మొయ్యకపోతే నన్ను మొయ్యాలె, ఏది బరువో చూస్కో" అన్నది.

నాకేమిచ్చిన్రు? నాకు అప్పటికే ఒక సంచి ఉండె, బడి సంచి. నీలం రంగు, ఒక పట్టీ తెగితే యాడి చీర అంచు ముక్కతోని కుట్టింది. నేను దాన్ని పుస్తకాలతోనే వీపుకు తగిలించుకొని నిలబడ్డ. బాపు చూసి, ఆడ మూడు నెలలు చదివేదెక్కడ, ఉత్త బరువు అన్నడు. కోపంగ కాదు, లెక్క చెప్పినట్టే చెప్పిండు. దాది ఆ సంచి విప్పి పుస్తకాలు తీసి అటక మీద పెట్టింది. దాంట్ల దొడ్డుప్పు మూట, ఎల్లిపాయలు, ఎండుచింతపండు, అగ్గిపెట్టె పెట్టి మళ్లా నా వీపుకే తగిలించింది. తెలుగు వాచకం ఒక్కటి నేను గౌను లోపల దాచిన. సాయంత్రానికి దాది కనిపెట్టింది. ఏమనలే. ఉప్పుకు తడి తగలకుండ అడ్డం పెడతానని తీసుకొని మళ్లా సంచిలనే పెట్టింది.

ఉప్పు అంటే మా వాళ్లకు వంటింటి సామాను ఒక్కటే కాదు. ఇది నేను చానా ఏండ్ల తర్వాత లైబ్రరీల తెలుసుకున్న. మన పూర్వీకులు ఎద్దుల మీద గోణెలేసుకొని ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశమంతా తిరిగినోళ్లు. లంబాడా అనే పేరే ఉప్పుకు సంస్కృతంల ఉన్న లవణం అనే మాట నుంచి వచ్చిందని కొందరు పండితులంటరు. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా సాగిపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే అది దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. మొగల్ సైన్యాలకైనా, తర్వాత ఇంగ్లీషోళ్ల సైన్యాలకైనా దక్కన్‌లో తిండిగింజలు చేరవేసింది బంజారాలే. ఆ నడిచే గుంపు పేరే టాండా. మనం ఇప్పుడు ఊరి పేరుగా రాసుకుంటున్న తండా అదే. రోడ్లు, రైళ్లు వచ్చి ఎద్దుల పని పోయినంక, నడిచే గుంపు ఎక్కడ ఆగిందో అక్కడే అది ఊరైంది.

ఆగినోళ్లను కూడా ఊకెనే ఉండనియ్యలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం కొన్ని కులాల్ని, తెగల్ని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. మద్రాసు రాష్ట్రంలో లంబాడాలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. తెలంగాణలో మనల్ని ఎస్టీ జాబితాలో చేర్చడానికి 1976 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. మన తండాలు గ్రామపంచాయతీలయింది 2018లో. ఇవన్నీ మీకు పరీక్షల కోసం చెప్తలేను. ఆ రాత్రి సంగతి చెప్పాలంటే ఇది కావాలె.

పొద్దుగూకేవరకు వాడపల్లి చేరినం. నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు అంచున నడక, లారీ పోయినప్పుడల్లా మేకలు బెదిరి పొలాల్లకు గుంజేవి. నా కాళ్లకు బొబ్బలొచ్చినయి. వాడపల్లిల మూసీ వచ్చి కృష్ణల కలుస్తది. అనంతగిరిల దోస్తులు చూసిన సన్నని ధార అదే, హైదరాబాద్ మురికంతా మోసుకొచ్చి ఇక్కడ దింపుతది. ఒడ్డున మూడు రాళ్లు పెట్టి యాడి బాటీలు చేసింది, అవే జొన్న రొట్టెలు. నా సంచిల ఉప్పు, ఎల్లిపాయ తీసి దాది కారం నూరింది. అంత మంచి తిండి నేను మళ్లా తినలే అంటే మీరు నమ్మరు. తిన్నంక దాది ఆ ఊరి నరసింహస్వామి గుడి సంగతి చెప్పింది. గర్భగుడిల రెండు దీపాలుంటయి, ఒకటి నిలకడగ వెలుగుతది, ఇంకొకటి స్వామి ఊపిరి తగిలి కదులుతది అని. రేపు పొద్దుగాల చూపిస్తావా అంటే, చూద్దాంలే అన్నది.

మేము బొంతల కిందికి చేరినంక ఎవరో ఒకాయన టార్చిలైటు వేసుకుంట వచ్చిండు. మొఖాల మీద వెలుగు కొట్టి, ఎవరు మీరు, ఏ ఊరు, ఆ మేకలెక్కడివి అని అడిగిండు. బాపు లేచి చేతులు కట్టుకొని నిలబడ్డడు. నా బాపు చేతులు కట్టుకొని నిలబడుడు నేను అదే మొదటిసారి చూసిన. మేకలు మావే, మిర్చి ఏరపోతున్నం అని మూడు నాలుగు సార్లు చెప్పిండు. ఆయనకు నమ్మకం కుదరలే. అప్పుడు దాది నా సంచిల చెయ్యి పెట్టి వాచకం తీసింది. "మా పిల్ల బడికి పోతది సారూ" అని ఆ పుస్తకం టార్చి వెలుగుల పెట్టింది. ప్రభుత్వం ఉచితంగ ఇచ్చే పుస్తకం, అట్ట మీద నా పేరు, తరగతి, ఊరు నా చేతిరాతతోనే ఉన్నయి. ఆయన చదివిండు. ఏమనకుంట పోయిండు. మాకు అప్పుడు రాషన్ కార్డు తండాలనే ఉంది, ఆధార్ అంటే ఎవరికీ తెల్వదు. మా ఇంటోళ్లకు ఆ రాత్రి ఉన్న ఒకే ఒక్క గుర్తింపు కాగితం నా మూడో తరగతి తెలుగు వాచకం.

తెల్లారి దీపాలు చూడలే. ఎండ ఎక్కకముందే వంతెన దాటాలన్నడు బాపు. వంతెన మీద నుంచి కిందికి చూస్తే బండలు, నడుమ పాయలు. అవతల పొందుగుల. మధ్యాహ్నానికి దాచేపల్లి దాటినం, చీకటి పడ్డంక తోట చేరినం.

తోటల మూడు నెలల సంగతి మీలో చానామందికి నేను చెప్పే పని లేదు. పొద్దున మంచు తడికి కాయ మెత్తగుంటది, ఎండెక్కితే తొడిమె చేతిల మండుతది. ఆ చేత్తోని కండ్లు తుడుచుకుంటే ఇగ చూస్కో. చంటిపిల్లలు చీర ఉయ్యాలల్లోనే తుమ్ముకుంట, దగ్గుకుంట పడుకుంటరు. నేను తమ్మున్ని ఊపుకుంట వాచకం చదివిన, ఎన్నిసార్లంటే అన్నిసార్లు. వేరే పుస్తకం లేదు కదా.

ఏప్రిల్‌ల తిరిగొస్తే బడి రిజిస్టర్ల నా పేరు లేదు. ఏ బడో, ఏ సారో చెప్పను, ఇప్పుడు దాంతోని పని లేదు. అన్న అదే ఏడు బడి మానేసిండు, మళ్లా పోలే. దాది నన్ను తీసుకపోయి ఇంకో బడిల కూసోబెట్టింది. పంతులమ్మ చదువుమంటే వాచకం చూడకుండ మొదటి పాఠం నుంచి చివరి దాక అప్పజెప్పిన. నాలుగో తరగతిల రాసుకున్నరు. అన్నకు నాకు తేడా అంతే, ఒక పుస్తకం. అన్న నాకంటే తెలివిగలోడు. లెక్కలల్ల తండాల ఎవరూ ఆయనకు సాటి రాకపోయేది. ఇప్పటికీ మిర్చి కిలోల లెక్కల మేస్త్రీ తప్పు చేస్తే పట్టుకునేది ఆయనే.

ఇగ మీతోని నేను అసలు మాట్లాడాల్సింది. 2008లో మేము కృష్ణ దాటితే ఒకే రాష్ట్రంలో ఉన్నాం. 2014 జూన్ 2 నుంచి అదే వంతెన రెండు రాష్ట్రాల సరిహద్దు. అంటే అదే దారిన, అదే తోటకు పోయే మీరు ఇప్పుడు చట్టం ముందు అంతర్రాష్ట్ర వలస కార్మికులు. 1979లో దీనికి ఒక చట్టం వచ్చింది. ఇంకో రాష్ట్రంలో పనికి ఐదుగురినో, అంతకంటే ఎక్కువ మందినో తీసుకపోయే మేస్త్రీకి లైసెన్సు ఉండాలని, కూలీకి ఫోటోతో పాస్‌బుక్ ఇవ్వాలని, పోను రాను దారి ఖర్చులు ఇవ్వాలని అందులో ఉంది. 2020లో దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపారు, ఐదుగురి లెక్క పది మంది అయింది, కానీ దారి ఖర్చు మాట అందులోనూ ఉంది. మన తండాల ఎవరి చేతిలోనైనా ఆ పాస్‌బుక్ చూసిన్రా? నేను చూడలే. మేము నడిచిన ఆ రెండు రోజులకు ఎవరు బాకీ అని నేను అప్పుడప్పుడు అనుకుంట.

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ నుంచి మన తెలంగాణకే మిర్చి ఏరడానికి వచ్చిన పన్నెండేండ్ల ఆదివాసీ పిల్ల, బండ్లు బంద్ అయితే తోటోళ్లతోని కలిసి నడిచి ఇంటికి బయలుదేరింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనంగ, ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ అనంతగిరి మంట, నా దోస్తు అడిగిన ప్రశ్న యాదికొచ్చినయి. మేము నడిచినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మాకు నడుమ ఒక రాత్రి ఆగి రొట్టె కాల్చుకునే తీరిక ఉండె, ముసలామె ఉండె.

కాబట్టి ఈ ఏడు బండి వచ్చే ముందు మూడు పనులు చేద్దామని ఆ రోజు అనుకున్నం. మేస్త్రీ పేరు, ఫోను, తోట ఊరు, ఎవరెవరు పోతున్నరో పంచాయతీల రాయించాలె. దారి ఖర్చు బయానాల కోయొద్దని అందరం ఒకే మాట మీద అడగాలె, ఒక్కరు అడిగితే వాళ్లనే బండి ఎక్కనియ్యరు. బడికి పోయే పిల్లల్ని వెంట తీసుకపోకుండ ఉంచడానికి వలస కూలీల పిల్లలకు సీజనల్ హాస్టల్ పెట్టే పద్ధతి ఉన్నది, దానికి ఊరంతా కలిసి దరఖాస్తు పెట్టాలె. ముసలోళ్ల దగ్గర ఇడిచిపెడతమంటే కూడా సరే, కానీ పేరు రిజిస్టర్ల ఉన్నదా అని జనవరిలనే చూస్కోండి, ఏప్రిల్‌ల కాదు. బడి అయిపోయిన మనలాంటి పిల్లలం ముగ్గురం పొద్దున, సాయంత్రం తిరిగి చూస్తమని పేరిచ్చినం. మీ తండాల ఎవరన్న ఉంటే చెప్పండి.

పోయిన నెల యాడిని తీసుకొని మిర్యాలగూడ నుంచి పల్నాడు బస్సెక్కిన. అవతల చుట్టాల ఇంట్ల పెండ్లి. కండక్టర్ ఆధార్ చూసి యాడికి జీరో టికెట్ కొట్టిండు. వాడపల్లి రాంగనే మళ్లా వచ్చిండు, ఇక్కడి దాకే ఫ్రీ అమ్మా, వంతెన అవతలికి టికెట్ తీస్కోవాలె అన్నడు. యాడి కొంగు ముడి విప్పుకుంట కిటికీల నుంచి నీళ్ల దిక్కు చూసింది. "మేకలతోని నడిచి పోయినప్పుడు ఎవ్వడూ టికెట్ అడగలే" అన్నది. బస్సుల నలుగురు నవ్విన్రు. కండక్టర్ కూడా నవ్వి, నువ్వు అప్పుడు నడిచినవా అమ్మా, ఎంతసేపు పట్టింది అని అడిగిండు. యాడి చెప్పుడు మొదలుపెట్టింది. దాచేపల్లి వచ్చేదాక చెప్తనే ఉన్నది.