పాత స్టీల్ గిటార్‌లో ఒక మెడ మూగబోతే
భావనపాడు నుంచి. ఈసారి పెడల్ స్టీల్ గిటార్ వైరింగ్. మన వైపు ఇది అరుదే గానీ, పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండొలిన్ విన్నారు కదా? పికప్ సంగతి అక్కడా ఇక్కడా ఒకటే. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే సిగ్నల్ పుడుతుంది.

డబుల్ నెక్ స్టీల్‌కి రెండు మెడలు, రెండు పికప్‌లు. సాధారణంగా ముందుది ఈ9 శ్రుతి, వెనకది సీ6. ఏ మెడ వాయిస్తే దాని పికప్‌నే వాల్యూమ్ పెడల్‌కి పంపాలి, అది స్విచ్ పని.

స్విచ్ తిప్పితే గరగర, ఒక మెడ మూగ. ఏటి చేస్తాం? "పికప్ పోయింది, మార్చేద్దాం" అంటాం. నేనూ అలాగే అని ఒక పాత పికప్ విప్పాను. విప్పేటప్పుడు తీగ తెగింది. తీరా చూస్తే తప్పు స్విచ్‌ది! ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ముందు ఆంప్ ప్లగ్ పీకేయండి. పికప్ వైరు స్విచ్ దగ్గర విడదీసి మల్టీమీటర్ పెట్టండి. కిలో ఓముల్లో రీడింగ్ వస్తే కాయిల్ బతికే ఉన్నట్టు. అస్సలు రాకపోతే ఎక్కడో తెగినట్టు. కాయిల్ బాగుంటే స్విచ్ చూడండి. సముద్రపు ఉప్పుగాలికి కాంటాక్టులు పచ్చబడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు తిప్పితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు బాబూ!

ఇంకోటి. తీగలు ముట్టుకుంటే జిల్లుమంటే అది పికప్ గొడవ కాదు, ఎర్తింగ్. వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.