పనిలో తోడు



మన గ్రామములలో కన్ను కానరానివానికిని, కాలు లేనివానికిని, బుద్ధి మందముగా నున్నవానికిని పిడికెడు మెతుకులు పెట్టుట పుణ్యమని పెద్దలు తలంతురు. ఆ దయను నేను తక్కువ చేసి మాటాడను. కాని యట్టివాడు ఇరువదియేండ్ల వాడైనప్పుడు వానికి కావలసినది కూలి. అది యెట్లు దొరకును, దొరకిన పని యెట్లు నిలుచును అనునదే నేటి నా విషయము.

2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది యని తేలినది. 2016వ సంవత్సరపు చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొని, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వంతులకు తక్కువ కాకుండ ప్రత్యేకింపవలెనన్నది. మంచిదే. అయితే చట్టము తలుపు తెఱచును గాని, లోనికి పోయినవానికి పని నేర్పదు.

పూర్వము శిక్షణాలయమున ఏండ్ల తరబడి నేర్పి, పిమ్మట పనికి పంపెడివారు. అక్కడ బుట్టలల్లుట నేర్చినవాడు ఊరికి వచ్చి చూచినచో బుట్టలు కొనువారే యుండకపోవచ్చును! అమెరికాలో 1970 ప్రాంతమున మార్క్ గోల్డ్ అను పండితుడు, ఎందులకును కొఱగారని త్రోసివేయబడిన మందబుద్ధులచేత సైకిలు బ్రేకును విడిభాగములనుండి కూర్పించి చూపెను. శిష్యుడు నేర్వకున్నచో గురువు వేఱొక తీరున నేర్పవలెనని ఆయన వాదము. తరువాత 'ముందు పని, పిదప శిక్షణ' అను పద్ధతి వ్యాపించి, 1986లో ఆ దేశపు చట్టమునకును ఎక్కినది. పనిచోటనే ప్రక్కన నిలిచి నేర్పువానిని జాబ్ కోచ్ అందురు. నేను పనితోడు అందును.

పాల సంఘములో క్యానులు కడుగు పని యున్నదనుకొనుడు. పనితోడు మొదట తానే రెండు దినములు ఆ పని చేయును. మూత తీయుట, చల్లనీట తొలుచుట, సోడానీట బ్రష్షుతో రుద్దుట, వేడినీట కడుగుట, బోర్లించుట - మనకు ఒక పనిగా కనిపించునది ఇన్ని పనులు. ముందే మరుగునీరు పోసినచో పాలు లోపల గట్టిగా నంటుకొనును. కావున వరుస తప్పరాదు. ఆ వరుసను బొమ్మలుగా గోడకంటించును. మొదట చేయిపట్టి చూపును, పిదప వ్రేలితో చూపును, ఆపైన ఊరకుండును. ఇట్లు మెల్లగా తొలగుటయే ఈ విద్యలో కష్టమైన భాగమని నా యభిప్రాయము. తొందరపడినచో కుఱ్ఱవాడు బెదరును. ఆలస్యమైనచో తోడే ఊతకఱ్ఱ యగును. అందుచే సంఘములోని పనివారిలో ఒకనిని, సందేహము వచ్చినప్పుడు అడుగదగినవానిగా, ముందే కుదుర్చవలెను.

పని చేతకాకపోవుటచేతనే ఉద్యోగము పోదు. టీ త్రాగబోయి వేళకు రాకపోవుట, మేస్త్రి ఒక్కసారి నాలుగు మాటలు చెప్పగా ఏదియు తోచక నిలిచిపోవుట, చిన్న జ్వరమునకే తల్లి పదిదినములు ఇంట నుంచుట, ఇట్టివియు పనిని చెఱుపును. కావున పనితోడు మేస్త్రితో, 'ఒక్కొక్క మాటయే చెప్పుడు' అనును. తల్లితో ఓర్పుగా మాటాడును. చెవి వినరానివానికి గంటకు బదులు దీపము పెట్టించును. సమానమైన పనికి సమానమైన కూలి యడుగుటయు వాని విధియే. ఇచ్చట మీలో కొందఱు తోడ్పడవచ్చును. పాల సంఘములకు, సహకార సంఘములకు పెద్దలు మీరే గదా!

బుద్ధిమాంద్యము గలవారి శిక్షణకై 1984లో సికిందరాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ కలదు. నేర్పు తీరు తెలియగోరువారు అచ్చట విచారింపవచ్చును.

మఱియొక మాట. కుదురుకొన్న పిమ్మటను పనితోడు నెలకొకమారు వచ్చి చూడవలెను. క్యానులు పోయి యంత్రము వచ్చినను, పాత మేస్త్రి పోయి క్రొత్తవాడు వచ్చినను, మరల నాలుగు దినములు ప్రక్కన నిలువవలెను.